కాయ గాలిలో ఉన్నంతసేపు

తిరువూరు బస్టాండు వెనక వీధి మలుపు తిరగ్గానే ముందుగా ఒక ఊపిరి వినిపిస్తుంది. మనిషిది కాదు, తోలుది. లోపలికి తీసుకున్న గాలిని వదలాలో దాచుకోవాలో తేల్చుకోలేక, చివరికి విసుగ్గా వదిలేసే పాత హార్మోనియం తిత్తి ఊపిరి అది. ఆ వెంటనే నాలుగున్నర శృతిలో ఒక షడ్జమం తెల్లటి దారంలా కిటికీలోంచి వీధిలోకి సాగుతుంది. ఇంకా ఎవరూ పాడలేదు. పాడమని ఎవరినీ ఎవరూ అడగలేదు. అయినా స్వరం వచ్చేసింది. దాని తర్వాతే మనిషి కనిపిస్తాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, ఎదుటివాడు నోరు తెరవకముందే జవాబుకి సిద్ధపడిన పెదవులు.

పేరు కోదండరామయ్య. అరవై ఏడేళ్ళు. పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. ఎవరూ పాడకముందే స్వరం అందించడమే బతుకంతా చేసిన పని.

ఆ పని ఎలాంటిదో చెప్పుకోవాలి. వేదిక మీద కిరీటం పెట్టుకున్నవాడు రాగం తీస్తూ పైకి పైకి వెళుతుంటాడు. ఎక్కడో ఒకచోట ఊపిరి చాలదు. ఆ చాలకపోవడం జనానికి తెలియక ముందే, వెంట్రుకవాసి ముందు, కోదండరామయ్య వేలు ఆ మెట్టు మీద పడేది. నటుడు గుటక మింగి మళ్ళీ అందుకునేదాకా ఆ స్వరాన్ని పెట్టె గాలిలో నిలబెట్టేది. జనం చప్పట్లు కొట్టి వన్స్ మోర్ అని అరిచేవారు. ఆ చప్పట్లన్నీ కిరీటానికి వెళ్ళేవి.

"నా చేతిమీదుగా ఎంతమంది కృష్ణులు కిందపడకుండా బతికిపోయారో లెక్కలేదు. ఒక్క కృష్ణుడికీ సొంత ఊపిరి లేదు," అని ఇప్పటికీ అంటాడు. అనేటప్పుడు నవ్వడు.

వేలికి పట్టిన అలవాటు నాలుకకీ పట్టింది. మంగలి షాపులో కుర్చీ ఎక్కగానే అతను "మాస్టారూ, మీసం..." అంటాడు. ఈయన "కత్తిరించు" అంటాడు. అతను అడగబోయింది రంగు వెయ్యమంటారా అని. మీసం పోయాక ఇద్దరూ అద్దంలో చూసుకుని ఊరుకుంటారు. డాక్టరు దగ్గర రోగం పేరు ఈయనే చెప్పేస్తాడు. కొట్లో చిల్లర మాట ఈయనే ఎత్తుతాడు. భార్య ఇందిరాదేవి మాత్రం దీన్ని ఎన్నడూ క్షమించలేదు.

"నలభై ఏళ్ళ కాపురం," అంటుంది ఆవిడ, వచ్చిన వాళ్ళకి కాఫీ ఇస్తూ. "నేను మొదలుపెట్టిన ముక్క ఒక్కటంటే ఒక్కటి నేను..."

"పూర్తి చెయ్యలేదు," అంటాడాయన లోపలి గదిలోంచి.

కోదండరామయ్య నాన్నకి విస్సన్నపేట రోడ్డులో బియ్యం మిల్లు ఉండేది. ఇంట్లో అందరికీ చెవిలో మిల్లు మోత ఒక్కటే. ఈయనకి మాత్రం మోత ఆగిన క్షణంలో వినిపించే గుయ్యిమనే శబ్దం ఇష్టం. పదిహేడో ఏట నాటకాల వాళ్ళ లారీ ఎక్కేశాడు. పెట్టె వాయించుకు బతికేవాడని అన్నదమ్ములు పెళ్ళిళ్ళలో పక్క వరసలో కూర్చోబెట్టారు. తర్వాత నాటకాలు పల్చబడ్డాయి. అన్న కొడుకు సతీష్‌కుమార్ ఊళ్ళో ఒక ఇంగ్లీషు మీడియం స్కూలు పెట్టి, బాబాయిని సంగీతం మాస్టారుగా తీసుకున్నాడు. బంధువుల ముందు అది దయ. స్కూలు కరపత్రంలో అది సంప్రదాయ కళాశిక్షణ. స్టాఫ్ రూములో ఆయనకి ఫ్యాను కింద కుర్చీ మాత్రం దొరకలేదు.

ఆ స్కూలుకి రెండేళ్ళ కిందట జూన్‌లో ముప్ఫై ట్యాబులు వచ్చాయి. వాటితో పాటు విజయ్ కుమార్ అనే ట్రైనర్ వచ్చాడు. మెడలో కంపెనీ కార్డు, వేళ్ళ చివర ఉత్సాహం.

"సార్, ఇది పిల్లల్లో క్రియేటివిటీని..."

"పెంచుతుంది."

"అవునండి. ఇందులో బీట్స్ రెడీగా ఉంటాయండి. పిల్లలు జస్ట్..."

"నొక్కుతారు."

విజయ్ కుమార్ ముచ్చటపడ్డాడు. "మీకు ముందే తెలుసా సార్?"

"తెలియకేం నాయనా. నొక్కడమేగా నా వృత్తి. కాకపోతే ఏ మెట్టు నొక్కాలో నాకు పెట్టె చెప్పలేదు. పెట్టెకి నేను చెప్పాను."

ఆ రోజు నుంచి కోదండరామయ్యకి ట్యాబు ట్యాబు కాదు, పలక. "ఆ పలకల క్లాసుందా ఇవాళ? అయితే నేను ఎండలో కాసేపు కూర్చుంటాను, ఆ మోత కన్నా ఎండ మెరుగు," అనేవాడు. విజయ్ కుమార్ బోర్డు మీద నాలుగు రంగుల గళ్ళు గీసి, ముందు ఎర్రది, తర్వాత పచ్చది, తర్వాత నీలం, చివర పసుపు అని చూపించాడు. అది ఒక నమూనా మాత్రమేనని, ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చుకోవచ్చని కూడా చెప్పాడు. కానీ బోర్డు మీద ఉన్నదాన్ని మార్చే అలవాటు ఆ స్కూలు పిల్లలకి ఎవరు నేర్పారు? మార్కులు పోతాయన్న భయంతో అందరూ ఎర్ర, పచ్చ, నీలం, పసుపు అదే వరసలో నొక్కారు. కింద ఎవరి పేరు వాళ్ళు కొట్టుకున్నారు. వారం తిరిగేసరికి స్కూలు గేటుకి బ్యానర్ లేచింది. మా విద్యార్థులు రెండు వందల పన్నెండు మంది, రెండు వందల పన్నెండు సొంత బాణీలు.

ఆ బాణీలు తల్లిదండ్రుల ఫోన్లకి వెళ్ళాయి. ఒక పెళ్ళి భోజనాల్లో పక్కపక్కన కూర్చున్న ముగ్గురు తల్లులు తమ పిల్లల పాటలు ఒకరికొకరు వినిపించుకున్నారు. మూడూ ఒకటే పాట. ఒక్కరికీ అనుమానం రాలేదు. "మీవాడూ అచ్చం మావాడిలాగే చేశాడే," అని మెచ్చుకుని అప్పడం విరుచుకున్నారు. ఇందిరాదేవి అదే వరసలో ఉంది. ఇంటికొచ్చి చెప్తే కోదండరామయ్య మంచం మీద లేచి కూర్చుని, అంత తృప్తిగా చాలా ఏళ్ళ తర్వాత నవ్వాడు.

మర్నాడు సతీష్‌కుమార్ గదిలోకి వెళ్ళి మరీ చెప్పాడు. "ఇడ్లీ రేకులో గుంటలు ఎన్నున్నా తేలేది ఇడ్లీయేరా సతీషూ. నా క్లాసుకొచ్చి విను. నలభై గొంతులు. ఒక్కటి శృతి తప్పదు. పెదవి కదపని పిల్ల లేదు."

ఈ మాట ఆయన తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకోవలసి వచ్చింది.

ఆగస్టులో ఎలుక తిత్తి కొరికింది. పెట్టెని బాగుచెయ్యడానికి బెజవాడ పంపించారు. పది రోజులు పడుతుందన్నారు. తొమ్మిదో తరగతి పీరియడ్‌కి కోదండరామయ్య మొదటిసారి ఖాళీ చేతులతో వెళ్ళాడు. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక కట్టుకున్నాడు. విజయ్ కుమార్ ఆ రోజు అక్కడే ఉన్నాడు.

"నీ పలకలో పాట పట్టొచ్చన్నావుగా. పట్టు. మా పిల్లల గొంతు విని అదీ కాస్త నేర్చుకుంటుంది."

ట్యాబుని మూడో బల్ల మీద పెట్టారు. ఆయన ఒక్కసారి "సా" అని శృతి చెప్పి ఆపాడు. పిల్లలు రోజూ పాడే ప్రార్థన పాట ఎత్తుకున్నారు. అయిపోయాక విజయ్ కుమార్ వినిపించాడు.

మోహన రాగంలో నేర్పిన పాట అది. ట్యాబులోంచి వచ్చింది మాత్రం ఏ రాగమూ కాదు. ప్రతి స్వరం ముందూ నలభై మంది ఆగుతున్నారు. తలుపు తీసేవాడి కోసం గుమ్మంలో నిలబడిపోయిన చుట్టాల్లా, ఎవరైనా ముందు అడుగు వేస్తారేమోనని పక్కవాళ్ళని చూసుకుంటున్నారు. ఎవరో ఒకరు తడబడి వేస్తే మిగతావాళ్ళు ఆ తప్పు వెనకే గుంపుగా పడుతున్నారు.

"నీ పలకకి చెవుడు," అన్నాడు కోదండరామయ్య.

మళ్ళీ పెట్టించాడు. మూడోసారి పెట్టించాడు. విజయ్ కుమార్ మర్యాదగా కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. మూడోసారి విన్నప్పుడు ఇంకొకటి తెలిసింది. ట్యాబు పెట్టిన బల్ల దగ్గర అసలు గొంతే లేదు. దగ్గర ఉండాల్సిన చోట ఖాళీ, దూరంగా గోల.

"మూడో బల్ల ఎవరిది?"

ఒక అమ్మాయి లేచింది. పేరు షైని. పెనుగొలను నుంచి స్కూలు బస్సులో వస్తుంది. తల్లి చిట్టెమ్మ పొలం పనులకీ, ఎండాకాలం రెడ్డిగూడెం వైపు మామిడి తోటల్లో కోతలకీ వెళుతుంది.

"నువ్వు పాడలేదా?"

"లేదండి."

"ఎప్పటినుంచి?"

"ఆరో తరగతి నుంచండి."

"పెదాలు కదుపుతావు కదే. నేను రోజూ చూస్తున్నా."

"మీరు చూస్తారనే కదిపేదాన్నండి."

క్లాసు గొల్లున నవ్వింది. ఆయనకి చెవులు వేడెక్కాయి. "ఎందుకు పాడవు?" అని అడిగి, అలవాటు చొప్పున జవాబు కూడా తనే అందించాడు. "గొంతు బాగోదనా?"

"కాదండి," అంది షైని. పొగరు లేదు, భయమూ లేదు. "నేను పాడేలోపే పెట్టె పాడేస్తది కదండి."

ఇంటికెళ్ళి ఈ మాట ఇందిరాదేవికి కోపంగా చెప్పాడు. ఆవిడ కూరగాయల కత్తిపీట ముందు నుంచి తల ఎత్తకుండా, "ఆ పిల్లని ఒకసారి భోజనానికి పిలవండి," అంది.

పెట్టె లేని ఆ పది రోజులూ ఆయనకి చెయ్యడానికి ఏమీ లేదు. "కానివ్వండి, నొక్కుకోండి," అని పిల్లలకి ట్యాబులు వదిలేసి గోడకి ఆనుకునేవాడు. అందరూ నాలుగు గళ్ళూ నొక్కుతున్నారు. షైని మాత్రం ఏ గడీ నొక్కడం లేదు. ఎవరూ తెరవని ఖాళీ పేజీ ఒకటి తెరిచింది. అందులో శబ్దం పట్టే ఎర్రచుక్క తప్ప ఇంకేమీ లేదు. దాని ముందు కూర్చుని సుద్దముక్కలు విరుస్తోంది. ఒకటి విరిచి, విని, తల అడ్డంగా ఊపి, ఇంకొకటి విరుస్తుంది. పుస్తకాల సంచి ఒళ్ళోకి వదిలి ఆ చప్పుడు పట్టుకుంటుంది. లంగా అంచుని బల్లకి రాస్తుంది. ఒకదాని మీద ఒకటి పేర్చి వింటుంది, తీసేస్తుంది, మళ్ళీ పేరుస్తుంది.

"సుద్ద దండగ," అనుకున్నాడు కోదండరామయ్య. కానీ విరిచిన ముక్కల్లో ఏది నచ్చిందో తనకీ తెలిసిపోతోంది. ఐదోది నచ్చుతుందనుకున్నాడు. ఆ అమ్మాయి ఐదోదే ఉంచుకుంది. అది ఆయనకి నచ్చలేదు, అంటే తన చెవి అలా పరాయి పిల్ల వెంట పోవడం నచ్చలేదు.

తొమ్మిదో రోజు వెళ్ళి చెయ్యి చాపాడు. షైని ఇయర్‌ఫోన్ ఇచ్చింది.

ముందు ఆకులు. అది బల్లకి రాసిన లంగా అంచని ఆయనకి తెలుసు, అయినా ఆకులే. తర్వాత ఒక గొంతు. మూడేళ్ళుగా తన ఎదురుగా కూర్చుని తాను ఒక్కసారీ వినని గొంతు. కొంచెం గరుకు, అంచుల్లో తడి.

కొమ్మకి బరువైన కాయ,
కోతకి వచ్చిన కాయ,
చేతికి రావే, చేతికి రావే...

టక్కున సుద్దముక్క విరిగింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఆకులు కూడా లేవు. ఆయన మనసులో తాళం నడుస్తూనే ఉంది. ఒకటి, రెండు, మూడు. ఎనిమిది దెబ్బల తర్వాత సంచి మెత్తగా పడింది. పాట మళ్ళీ అందుకుంది.

ఆయన ఇయర్‌ఫోన్ తీశాడు. "ఇక్కడ పోయిందే."

"ఏంటండి?"

"తాళం. ఎనిమిది దెబ్బలు ఖాళీ. అక్కడేం లేదు."

"ఉందండి."

"ఏముంది?"

"కాయ గాలిలో ఉంది."

షైని రెండు చేతులూ చాపి చూపించింది. "మా అమ్మా, అక్కమ్మ పెద్దమ్మా చెరో కొస పట్టుకుని చెట్టు కింద గోనెపట్టా పరిచి నిలబడతారండి. పైన తొడిమ తెగి టక్కుమంటది. అప్పుడు ఇద్దరూ మాటాపేస్తారు. కాయ పట్టాలో పడేదాకా ఊపిరి కూడా తియ్యరు. నేలన పడితే దెబ్బ తగులుద్ది, మేస్త్రి తిడతాడు."

"కాయ పడటం ఎంతసేపు? చిటికెలో పడుతుంది. ఎనిమిది దెబ్బలెందుకు?"

"మా అమ్మకి అంతసేపు ఉంటదండి."

కోదండరామయ్య ఇయర్‌ఫోన్ మళ్ళీ చెవిలో పెట్టుకుని, ఆ ఎనిమిది దెబ్బలూ ఇంకోసారి లెక్కపెట్టాడు.

పెట్టె బాగుపడి వచ్చింది. కొత్త తోలు, కొత్త వాసన. ప్రార్థన పాట మళ్ళీ శృతిలో పడింది. నలభై మందికీ తలుపు తీసేవాడు తిరిగొచ్చాడు. కానీ ఆయన వాయిస్తూ మూడో బల్ల వైపు చూసేవాడు. షైని ఇప్పుడు పెదాలు కూడా కదపడం లేదు.

ఫిబ్రవరిలో వార్షికోత్సవం. ట్యాబుల కంపెనీ వాళ్ళు వస్తున్నారు. మెచ్చితే స్కూలు గోడకి ఆదర్శ పాఠశాల అని బోర్డు ఇస్తారట. వేదిక మీద పిల్లలు సొంతంగా చేసిన పాట ఒకటి ఉండాలి. కోదండరామయ్య షైని పాట పెడదామన్నాడు. సతీష్‌కుమార్ ఒక చెవిలో ఫోనూ, ఒక చెవిలో ఇయర్‌ఫోనూ పెట్టుకుని విన్నాడు.

"బాబాయ్, మధ్యలో ఆగిపోయిందేంటి? చార్జింగ్ అయిపోయిందా?"

"కాయ గాలిలో ఉందిరా."

"ఏ కాయ?"

"నీకు తెలిసిన కాయ కాదులే. నీకు అట్టపెట్టెలో ఇంటికొస్తే గానీ కాయ కనపడదు."

"ఎగతాళి తర్వాత. అంతమంది ముందు సౌండు ఆగితే సిస్టం పాడైందనుకుంటారు. ఆ పిల్ల పేరే వేసి ట్రైనర్ చేసిన పాట పెడదాం. లేదంటే నువ్వు పెట్టె పట్టుకుని పైనెక్కు, ఆ ఖాళీలో ఏదో ఒకటి నింపు."

"నింపను. ఆ పిల్ల పాట ఆ పిల్లదిగానే వినపడాలి."

"బ్యానర్ మీద నీ హార్మోనియం, పక్కన ట్యాబు వేయించేశాను బాబాయ్. నువ్వు కూర్చోకపోతే ఎలా?"

"కూర్చుంటాను. చెయ్యి వెయ్యను."

షైనితోనూ అదే చెప్పాడు. ఆ అమ్మాయి నమ్మలేనట్టు చూసింది. "నిజంగా వెయ్యరాండి?"

"నా పెట్టె మీద ఒట్టు."

"అయితే మా అమ్మని పిలుస్తానండి. పని మానుకుని వస్తది."

ఇందిరాదేవి ఒక్కతే ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం ఆయన పెట్టెని గుడ్డతో తుడుస్తుంటే గుమ్మంలో నిలబడింది. "కూర్చుంటే కూర్చోండి. పెట్టెని మాత్రం ఇంట్లో ఉంచి వెళ్ళండి. మీ చెయ్యి మీ మాట వినదు."

"యాభై ఏళ్ళ చెయ్యి. నా మాట కాక ఎవరి మాట వింటుంది?" అన్నాడాయన, ఆవిడ హెచ్చరికని పూచికపుల్లంత కూడా లెక్క చెయ్యకుండా.

వేదిక ముందు ప్లాస్టిక్ కుర్చీలు. మూడో వరసలో చిట్టెమ్మ, పక్కన అక్కమ్మ, ఇద్దరూ ఉతికిన చీరల్లో కుర్చీ అంచుల మీద కూర్చున్నారు. ముందు వరసలో కంపెనీ వాళ్ళు, మెడలో శాలువాలు. రంగు లైట్లు హార్మోనియం మీద పడి కొత్త తోలు మెరుస్తోంది. షైని ట్యాబుని స్పీకర్లకి కలిపి, వచ్చి నిలబడింది.

ఆకులు కదిలాయి. ఈసారి పందిరంతా చెట్టయింది. షైని పాడింది. తన గొంతు మీదే తను మళ్ళీ పాడింది, ఒకటి కొమ్మ మీద, ఒకటి కొమ్మ కింద. చేతికి రావే, చేతికి రావే. సుద్దముక్క విరిగింది.

నిశ్శబ్దం.

ఒకటి, రెండు. మూడో వరసలో చిట్టెమ్మ చేతులూ అక్కమ్మ చేతులూ వాటంతటవే లేచాయి. గుప్పిళ్ళు బిగించి, కనపడని పట్టా కొసలు చెరోవైపు పట్టుకుని, ఇద్దరూ మొహాలు పైకెత్తారు. కోదండరామయ్య చూశాడు. మూడు. వెనకెక్కడో కుర్చీ జరిగింది. నాలుగు. మైకుల కుర్రాడు కంగారుగా వైరు లాగి చూస్తున్నాడు. ఐదు. సతీష్‌కుమార్ సగం లేచాడు. కంపెనీ మనిషి పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. ఆరు. ఇన్ని కళ్ళ ముందు ఆ నిశ్శబ్దం కోదండరామయ్యకి ఊపిరి చాలని నటుడిలా కనిపించింది. కిరీటం వణుకుతోంది. పడిపోతాడు. పడిపోతున్నాడు.

వేలు పడింది. షడ్జమం నిండుగా, చక్కగా, ఎక్కడా జంకు లేకుండా పందిరంతా పరుచుకుంది.

చప్పట్లు. యాభై ఏళ్ళలో ఆయన పేరు మీద పడిన మొదటి చప్పట్లు. ఎవరో వన్స్ మోర్ అన్నారు. ఆ చప్పట్లలోనే సంచి పడిన శబ్దం ఎవరికీ వినపడకుండా పడిపోయింది. చిట్టెమ్మ చేతులు ఒళ్ళోకి దిగాయి. షైని ఆయన వైపు ఒక్కసారి చూసి, మిగతా పాట పూర్తిగా పాడింది. వన్స్ మోర్ మళ్ళీ వినిపిస్తే వంగి ట్యాబు ఆపేసి దిగిపోయింది.

బోర్డు వచ్చింది. సంప్రదాయం, సాంకేతికత చేతులు కలిపిన వేళ అని రాసి, సతీష్‌కుమార్ ఆ వీడియోని ఊరందరి ఫోన్లకీ పంపాడు. కంపెనీ మనిషి కోదండరామయ్యకి శాలువా కప్పుతూ, "ఆ ఎంట్రీ అద్భుతం మాస్టారూ, టైమింగ్ అంటే అదీ," అన్నాడు. ఆయన ఆ శాలువాలో ఎండలో నిలబడ్డ దిష్టిబొమ్మలా ఉన్నాడు.

గేటు దగ్గర చిట్టెమ్మ ఎదురైంది. చెడుగా ఏమీ అనలేదు, నవ్వింది కూడా. "కాయ పట్టాలో పడనే లేదు మాస్టారూ. మధ్యలోనే మీరు లాగేసుకున్నారు."

మర్నాడు ఆయన అందరికంటే ముందు స్కూలుకి వెళ్ళి ట్యాబుల బీరువా తీయించాడు. వేదిక మీద జరిగినదంతా దానికీ అంటుకుని ఉంటుందన్న భయం. షైని పేరు వెతుక్కుని నొక్కాడు. ఆకులు, గొంతు, టక్. ఎనిమిది దెబ్బలు. సంచి. పలకలో మాత్రం ఆయన చెయ్యి లేదు. ఇన్నాళ్ళూ ఛీకొట్టిన ఆ వస్తువు, తాను చెడగొట్టినదాన్ని చెడకుండా దాచింది. అందుకు దాని మీద ప్రేమ పుట్టిందంటే అబద్ధం. ఇంకాస్త కోపం వచ్చింది.

షైని వచ్చాక వరండాలో ఆపాడు. "తప్పు నాది."

"మీరు..." అంది ఆ అమ్మాయి, ఆగింది.

ఆయన నాలుక చివర పది మాటలు వరస కట్టాయి. కావాలని చేశారు, మోసం చేశారు, ఒట్టు తప్పారు. ఒక్కటీ అందించలేదు. బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. బెల్లు కొట్టారు. ఆయన ఆగాడు.

"మీరు కావాలని చెయ్యలేదండి," అంది చివరికి. "అందుకే ఎక్కువ కోపమొచ్చింది."

ఇంకాసేపటికి, "కొత్తది చేస్తున్నానండి. అయ్యాక వినిపిస్తాను. మధ్యలో అడగొద్దు," అంది.

ఇప్పుడు కోదండరామయ్య క్లాసులో పెట్టె మూత వేసే ఉంటుంది. ఒక పాదం పాడి ఆపుతాడు. తర్వాతి స్వరం ఇవ్వడు. పిల్లలు వెతుక్కుంటారు, తప్పుతారు, ట్యాబులో పట్టుకుని వింటారు, ఛీ అనుకుంటారు, మళ్ళీ వెతుక్కుంటారు. నాలుగు గళ్ళ పేజీ ఆ పీరియడ్‌లో ఎవరూ తెరవకూడదు. క్లాసులోంచి ఇప్పుడు వచ్చేది పాట కాదని, దారి తప్పిన మేకల మంద అని పక్క గది లెక్కల సార్ ఫిర్యాదు చేశాడు. మాస్టారికి వయసు మీరింది, పాట సగం చెప్పి మర్చిపోతున్నారని తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారు. సతీష్‌కుమార్ వచ్చే జూన్‌కి వేరే మనిషిని చూసుకుంటానని చెప్పేశాడు.

"చూసుకోరా," అన్నాడాయన. "నీ బోర్డు కింద ఎవరు నిలబడ్డా నీడ ఒకేలా పడుతుంది."

సాయంత్రాలు మాత్రం ఇంట్లో పెట్టె తీస్తాడు. అక్కడ ఎవరి పాటకీ అడ్డం రాదు కాబట్టి స్వరం ఎంతసేపైనా నిలబెట్టుకుంటాడు. వీధి మలుపులో వినిపించేది అదే. ఇందిరాదేవి వంటింట్లోంచి ఏదో మొదలుపెడుతుంది, మధ్యలో ఆగి ఎదురుచూస్తుంది. ఆయన కూడా ఎదురుచూస్తాడు. ఎవరూ పూర్తి చెయ్యని ఆ మాటలు వాళ్ళింట్లో ఇప్పుడు చాలా ఉన్నాయి.

ఈ సంగతులు రాసుకోవడానికి వచ్చిన మనిషికి ఆయన షైని పాట తన ఫోన్‌లో వినిపించాడు. ఆ అమ్మాయే పంపింది. సుద్దముక్క విరిగింది. తొడ మీద ఉన్న ఆయన కుడిచెయ్యి కదిలింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని తొడ కిందికి నెట్టి, దాని మీద బరువేసి కూర్చున్నాడు, ఎనిమిది దెబ్బలూ. సంచి పడ్డాక గాని లేవలేదు. కాగితం మీద అప్పటికే పరిగెడుతున్న కలం వైపు, హార్మోనియం తిత్తి కొరికిన ఎలుకని చూసినట్టు చూశాడు.

"మీదీ మా హార్మోనియం వాళ్ళ చెయ్యేనండి. ఖాళీ కనపడితే ఆగదు. రాయండి, వద్దనను. ఆ పిల్ల ఊరుకున్న చోట మాత్రం మీరూ ఊరుకోండి."